జాబిక్స్‌లో వీఎం పేర్లు తారుమారైతే: నా అనుభవం

'గాజువాక-బిల్లింగ్' అనే వీఎం (వర్చువల్ మెషీన్, అంటే సర్వర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్) డిస్క్ నిండిపోతోందని మా మానిటరింగ్ టూల్ జాబిక్స్ అలర్ట్ ఇచ్చింది. లాగిన్ అయి చూస్తే డిస్క్ సగం ఖాళీ. నిండుతున్నది 'ఎంవీపీ-బిల్లింగ్', అదేమో జాబిక్స్ జాబితాలోనే లేదు. రుషికొండలోని మా సర్వర్ రూమ్‌లో దీన్ని సరిచేసిన తీరు ఇది.

వీఎంవేర్ టెంప్లేట్‌తో డిస్కవర్ అయిన (తనంతట తానే కనుక్కున్న) వీఎంని జాబిక్స్ పేరుతో కాదు, యూయూఐడీ అనే గుర్తింపు నంబరుతో గుర్తుపడుతుంది; మా సెటప్‌లో అది బయోస్ యూయూఐడీ. హోస్ట్ నేమ్‌లో ఉండేది ఆ నంబరే. మనకి కనబడే పేరు వీసెంటర్ (వీఎంలన్నిటినీ నిర్వహించే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) నుంచి తెచ్చి పైన పెట్టింది. అందుకే జాబిక్స్‌లో పేరు దిద్దాలని కూర్చుంటే టైమ్ వృథా.

పవర్‌సీఎల్‌ఐతో (వీఎంవేర్ కమాండ్ల టూల్) అన్ని వీఎంల పేర్లు, కాన్ఫిగ్ యూయూఐడీలు (అవే బయోస్ యూయూఐడీలు) తీసి, యూయూఐడీ వరసలో సార్ట్ చేశాం. రెండు బిల్లింగ్ వీఎంలకీ ఒకటే నంబరు! అందుకే జాబిక్స్ రెంటినీ ఒకటే హోస్ట్ అనుకుంది. 2014 హుద్‌హుద్ తర్వాత నుంచి మా దగ్గర వీఎం ఫోల్డర్లని ఇంకో డేటాస్టోర్‌కి (వీఎం ఫైళ్లుండే స్టోరేజ్) కాపీ చేసి ఉంచుతాం. గాజువాక కాపీనే రిజిస్టర్ చేసి ఎంవీపీ అని పేరు పెట్టారు. మొదటిసారి పవర్ ఆన్ చేసినప్పుడు ఈఎస్‌ఎక్స్‌ఐ (వీఎంలని నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) అడిగే ప్రశ్నకి 'ఐ కాపీడ్ ఇట్' అంటే కొత్త యూయూఐడీ పుడుతుంది, 'ఐ మూవ్డ్ ఇట్' అంటే పాతదే ఉండిపోతుంది. ఇక్కడ రెండోది నొక్కారు. వీసెంటర్ వాడే ఇన్‌స్టాన్స్ యూయూఐడీ అనే ఇంకో నంబరు రెంటికీ వేరే కాబట్టి వీసెంటర్‌లో రెండూ శుభ్రంగా కనబడతాయి, అదే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

బయోస్ యూయూఐడీకి ముడిపడ్డ లైసెన్సులేమైనా ఉన్నాయేమో ముందే చూసుకోండి, మారిస్తే మళ్లీ యాక్టివేషన్ అడగొచ్చు. తర్వాత ఎంవీపీని షట్‌డౌన్ చేసి, వీఎంఎక్స్ ఫైలుకి (వీఎం సెట్టింగ్స్ ఉండే ఫైలు) కాపీ తీసి, 'యూయూఐడీ డాట్ బయోస్' లైన్లో ఉన్న 16 జతల్లో చివరి జత మార్చాం. వీఎం రీలోడ్ చేసి ఆన్ చేశాక లోపల డీఎంఐడీకోడ్ అనే లినక్స్ కమాండ్‌తో సరిచూశాం. వర్చువల్ హార్డ్‌వేర్ 13 నుంచి మొదటి మూడు గుంపుల బైట్లు తిరగబడి కనబడొచ్చు, కంగారు పడక్కర్లేదు, చివరి జత కలిస్తే చాలు.

జాబిక్స్ వీఎంవేర్ సమాచారాన్ని డిఫాల్ట్‌గా 60 సెకన్లకోసారి తెచ్చుకుంటుంది. ఆ నిమిషం ఆగి, డిస్కవరీ రూల్ మీద 'ఎగ్జిక్యూట్ నౌ' నొక్కండి. లేకపోతే గంట దాకా పట్టొచ్చు. ఎంవీపీ కొత్త హోస్ట్‌గా వచ్చింది.

పేరులో '%2ఎఫ్' కనబడితే మాత్రం కారణం వేరు. పేరులోని స్లాష్‌ని వీసెంటర్ అలా రాసుకుంటుంది, అక్కడే హైఫన్‌గా మార్చాలి. ఏజెంట్ (వీఎం లోపల ఉండి జాబిక్స్‌కి వివరాలు పంపే ప్రోగ్రామ్) పంపే పేరు తప్పైతే కాన్ఫిగ్ ఫైల్లో 'హోస్ట్‌నేమ్' లైను చూడండి, క్లోన్‌తో పాటు అదీ కాపీ అయి ఉంటుంది. ఆ లైను తీసేస్తే ఏజెంట్ సిస్టమ్ పేరే తీసుకుంటుంది, కానీ విండోస్‌లో అది నెట్‌బయోస్ పేరు, 15 అక్షరాల దగ్గర తెగిపోతుంది. పొడుగు పేర్లున్న చోట ఆ లైను తీసేయకుండా చేత్తో సరైన పేరు రాసిపెట్టాం.