కేంద్రకం పాఠం తెలుగులో చెబితే

"నాన్నా, ఫిజిక్స్ మాత్రం తెలుగులో వద్దు. బడిలో ఇంగ్లిష్‌లోనే కదా, నాకు రెండింతల పని అవుతుంది" అంది మా అమ్మాయి. పరమాణు కేంద్రకం పరిమాణం దేన్నిబట్టి ఉంటుందన్నది ఆ రోజు పాఠం. అల్యూమినియం కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి 27, బంగారంలో 197. కణాలు ఏడు రెట్లున్నాయి కాబట్టి వెడల్పూ ఏడు రెట్లుండాలని తన లెక్క. ఇంటర్మీడియట్ తెలుగు మాధ్యమంలో చదివిన నాకు ఈ పాఠం ఆ భాషలోనే గుర్తుంది. వద్దన్నా తెలుగులోనే చెప్పాను.

నువ్వులు ఎనిమిది రెట్లు తీసుకున్నా నువ్వుల ఉండ వెడల్పు రెండింతలే అవుతుంది. కేంద్రకమూ అంతే. ద్రవ్యరాశి సంఖ్యకు, అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తానికి, ఘనమూలం కట్టి 1.2 ఫెమ్టోమీటర్లతో గుణిస్తే వ్యాసార్థం వస్తుంది. ఫెమ్టోమీటరంటే మీటరులో పది కోట్ల కోట్లవ వంతు. 27కు ఘనమూలం 3, కాబట్టి అల్యూమినియానికి 3.6. బంగారానికి సుమారు 7. అంటే రెండింతలు కూడా లేదు.

ఎందుకలా అని అడిగింది. కేంద్రక బలం పక్కనున్న కణాలను దాటి పెద్దగా పోదు. రెండు మూడు ఫెమ్టోమీటర్లు దాటితే దాదాపు ఏమీ మిగలదు. కణాలు మరీ దగ్గరికొస్తే, అర ఫెమ్టోమీటరు లోపల, అదే బలం వాటిని వెనక్కి నెడుతుంది. అందుకే ఎన్ని కణాలు చేరినా కేంద్రకం లోపలి సాంద్రత దాదాపు ఒకటే: ఘన సెంటీమీటరుకు సుమారు 23 కోట్ల టన్నులు. 1950లలో స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ హాఫ్‌స్టాడర్ కేంద్రకాల మీదకు ఎలక్ట్రాన్లను పంపి, అవి చెదిరే తీరునుంచి ఈ కొలతలు రాబట్టాడు. 1961లో ఆయనకు నోబెల్ వచ్చింది.

అంతా విని, తనే ఇంగ్లిష్‌లో తిరిగి చెప్పింది. ఒక్క మెట్టు కూడా తప్పలేదు. "మరి ఈ సూత్రం ఎక్కడ పనిచేయదు?" అంది.

లిథియం-11 దగ్గర, అంటే మొత్తం 11 కణాలున్న లిథియం కేంద్రకం దగ్గర. 1985లో తనిహాత ఇసావో బృందం బర్క్‌లీలో కొలిచినప్పుడు అది లెక్కకు మించి పెద్దదిగా తేలింది. చివరి రెండు న్యూట్రాన్లు చాలా వదులుగా కట్టుబడి, మిగతా తొమ్మిదింటికి దూరంగా వ్యాపించి ఉంటాయి. ఇది నేను చదువుకున్న పాఠంలో లేదు, తర్వాత ఇంగ్లిష్‌లో తెలుసుకున్నదే. చెప్పడం మొదలుపెట్టిన రెండో వాక్యానికే నేనూ ఇంగ్లిష్‌లోకి వెళ్లిపోయాను. తను ఏమీ అనలేదు.

పిల్లలకు లెక్కలూ సైన్సూ ఇంటి భాషలో చెప్పండని స్నేహితులకు ఎన్నాళ్లుగానో చెబుతున్నాను. పిల్లల కష్టమైన ప్రశ్నలకు పనికిరాని భాష అన్నానికి పిలవడానికీ, కోప్పడటానికే మిగులుతుందని నా భయం. ఆ భయం ఇప్పటికీ ఉంది. కానీ ఆ రెండింతల పని తన చదువు కోసమా, నా తృప్తి కోసమా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. బడిలో పరీక్ష రాసేది తను, నేను కాదు. వచ్చే వారం సీసం కేంద్రకం అంచున న్యూట్రాన్లు పలుచని పొరగా ఎందుకుంటాయో చెప్పమంది. తెలుగులోనే మొదలుపెడతాను.