వడదెబ్బ అనుకునే ముందు థైరాయిడ్ బిళ్ల సంగతి అడగండి

రోహిణి కార్తెలో కావలి, ఒంగోలు వైపు ఎవరికైనా ఒళ్లు కాలిపోతూ మాట పొంతన తప్పితే ఇంట్లోవాళ్లు వడదెబ్బే అనుకుంటారు. చాలాసార్లు నిజమే. కానీ ఆ మనిషికి హైపర్‌థైరాయిడిజం (థైరాయిడ్ హార్మోన్ ఎక్కువ కావడం) ఉండి, దాన్ని తగ్గించే కార్బిమజోల్ బిళ్ల మానేసి ఉంటే అది థైరాయిడ్ స్టార్మ్, అంటే ఆ హార్మోన్ ప్రభావం ఒక్కసారిగా ప్రాణాంతకంగా ముదరడం, కావచ్చు. దీన్ని చల్లబరిచినంత మాత్రాన ఆపలేం.

అందుకే "థైరాయిడ్ ఉంది" అంటే చాలదు, ఏ బిళ్లో చూడాలి. పొద్దున్నే పరగడుపున వేసుకునే లెవోథైరాక్సిన్ హార్మోన్ తక్కువైనవాళ్లకి. కార్బిమజోల్, మెథిమజోల్ ఎక్కువైనవాళ్లకి. ఈ రెండో రకం "తగ్గిందిలే" అని ఆపేసినవాళ్లకి ఇన్‌ఫెక్షనో ఆపరేషనో కాన్పో తోడైతే ప్రమాదం.

స్టార్మ్ లక్షణాలు ఇవి: జ్వరంతోపాటు నాడి 140 దాటడం, లయ తప్పడం, చేతుల వణుకు, వాంతులు, విరేచనాలు, కళ్లు పచ్చబడటం, కంగారు, ఆపైన మగత. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదని తేల్చేయకండి, చేలో పనిచేస్తూ పడిపోయినవాళ్లకీ చెమట ఉంటుంది.

వెంటనే 108కి ఫోన్ చేయండి. తడిగుడ్డతో తుడవండి, ఫ్యాన్ వేయండి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్ వద్దు, అది రక్తంలో ప్రొటీన్లకు అతుక్కున్న హార్మోన్‌ను విడగొడుతుంది. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకండి. పాత బిళ్లల షీట్లు, చీటీలు వెంట తీసుకెళ్లండి.

ఆసుపత్రిలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) రిపోర్టు కోసం ఆగకూడదు. మామూలు హైపర్‌థైరాయిడ్‌లోనూ అంకెలు అలాగే ఉంటాయి, లక్షణాలతోనే నిర్ణయించాలి. లక్షణాలకు మార్కులు వేసి లెక్కగట్టే బర్చ్–వార్టోఫ్‌స్కీ స్కోరు 45 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే స్టార్మ్ అనే అనుకుని మొదలుపెడతారు. ఇక్కడ వరస ముఖ్యం. ముందు హార్మోన్ తయారీని ఆపే ప్రొపైల్‌థయోయురాసిల్ 500–1000 మి.గ్రా., తర్వాత 4 గంటలకోసారి 250. అది దొరక్కపోతే మెథిమజోల్ రోజుకి 60–80 మి.గ్రా. కనీసం గంట గడిచాకే అయోడిన్ చుక్కలు. ముందే ఇస్తే గ్రంథి దాన్నే ముడిసరుకుగా వాడుకుని ఇంకా హార్మోన్ తయారుచేస్తుంది. స్టెరాయిడ్ మందైన హైడ్రోకార్టిజోన్ 300 మి.గ్రా., ఆపైన 8 గంటలకోసారి 100. గుండెదడకి ప్రొప్రనొలాల్ 60–80 మి.గ్రా. 4 గంటలకోసారి ఇస్తారు కానీ, ఆస్తమా ఉన్నా గుండె బలహీనంగా ఉన్నా ఆ మోతాదే ప్రాణం మీదికి తెస్తుంది. ఇవన్నీ ఐసీయూలో మానిటర్ ముందు జరగాల్సినవి, ఇంట్లో కాదు.

కార్బిమజోల్ వాడేవాళ్లకి జ్వరం, గొంతునొప్పి కలిసి వస్తే మాత్రం బిళ్ల ఆపి అదే రోజు సీబీసీ (రక్తకణాల లెక్క పరీక్ష) చేయించాలి, తెల్లరక్తకణాలు పడిపోయి ఉండొచ్చు. ఆపాక ఊరుకోకుండా, బదులు ఏం వాడాలో అప్పుడే డాక్టరుతో రాయించుకోండి.