హార్మోన్ ఇంజెక్షన్లు, పక్క గది

రేడియేషన్‌తో పాటు హార్మోన్ ఇంజెక్షన్లు మొదలయ్యేటప్పటికి నాకు 62 ఏళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి టెస్టోస్టిరానే మేత కాబట్టి దాన్ని ఆపేయడానికి మూడు నెలలకోసారి ల్యూప్రోలైడ్. మొదట్లో అది హార్మోన్‌ని పెంచి తర్వాత పడగొడుతుందని, ఆ కొన్ని వారాలూ హార్మోన్ పనిని అడ్డుకునే బైకలుటమైడ్ మాత్రలు కూడా వేసుకోమన్నారు. "సెక్స్ విషయంలో కొంచెం తేడా ఉంటుంది" అన్నారు డాక్టరు గారు. ఆ కొంచెం ఎంతో నేనడగలేదు, పక్కనే మా అబ్బాయి కూర్చుని ఉన్నాడు మరి.

రెండో నెలకే అంగస్తంభన పోయింది. అది నేను ఊహించిందే. ఊహించనిది కోరిక పోవడం. అసలు ఆ ధ్యాసే రాదు, రావట్లేదన్న బాధా ఉండదు, అందుకే చాలా రోజులు నాకు ఏదో పోయిందనే తెలియలేదు. ఈలోగా ఒంట్లోంచి ఆవిర్లు, రాత్రి మూడు నాలుగుసార్లు చెమటతో లేవడం, మా ఆవిడ నిద్ర చెడుతోందని నేను పక్క గదిలో పడుకోవడం మొదలుపెట్టాను. నా మీద విరక్తి పుట్టిందేమో అనుకుందట తను. నాలుగు నెలలు అలా అనుకుంటూనే ఉంది, నాతో ఒక్క మాట అనలేదు.

తర్వాతిసారి ఇద్దరమే వెళ్లి విడమర్చి అడిగాం. గుండెకి నైట్రేట్ మందులు వాడట్లేదని రూఢి చేసుకుని అంగస్తంభన కోసం సిల్డెనాఫిల్ మాత్రలు రాశారు, కానీ అది రక్తప్రసరణకే తప్ప కోరికని తెప్పించదని ముందే చెప్పారు. నాకు పని చేయలేదు. గాలి లాగి అంగాన్ని గట్టిపరిచే వాక్యూమ్ పంపు పని చేసింది. గొట్టం, రింగు, అదంతా మొదటిసారి చూస్తే సైకిల్ పంక్చర్ వేస్తున్నట్టే ఉంటుంది, ఇద్దరం నవ్వాం. రింగు మాత్రం అరగంటకి మించి ఉంచకూడదు. ఇంకోటి, అంగం గట్టిపడకపోయినా భావప్రాప్తి కలగొచ్చు. ఇది నాకు 62 ఏళ్లకి తెలిసింది! కోరిక పుట్టేదాకా ఎదురుచూస్తే కుదరదు, ముందు దగ్గరగా పడుకోవాలి, మిగతాది ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

ఇంజెక్షన్లు ఆపి ఏడు నెలలైంది. టెస్టోస్టిరాన్ ఇంకా తక్కువే ఉంది. వయసు ఎక్కువైన కొద్దీ, ఇంజెక్షన్లు ఎక్కువ కాలం వాడిన కొద్దీ తిరిగి రావడం ఆలస్యమవుతుందట, కొందరికి పూర్తిగా రాదట. డాక్టర్‌ని అడక్కుండా బయట దొరికే టెస్టోస్టిరాన్ జెల్లులూ అవీ వాడితే చేసిన వైద్యమంతా వృథా కావచ్చు.

పక్క గది ఖాళీ చేశాను. ఫ్యాన్ స్పీడు దగ్గర మాత్రం ఇంకా పేచీయే.