టర్బో అడిగేవాళ్లు, గ్రీజు అడగనివాళ్లు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే) బండ్ల గ్యారేజీలకి చలికాలమే సీజను. అక్టోబరు దాటి ఎండ తగ్గిందంటే చాలు, సెలవురోజుల్లో జనమంతా ఇసుకలోకి పోతారు. సోమవారం పొద్దున మా షట్టర్ ముందు బండ్లు వరుస కడతాయి. ఒకదానికి బంపర్ వేలాడుతుంటుంది, ఇంకొకటి టైరు రిమ్ము వదిలేసి రికవరీ ట్రక్కు మీద వస్తుంది. ఎండాకాలమంతా ఇంజిన్లు విప్పడం, పెయింటు పనులు. నేను ఇక్కడికి హెల్పర్‌గా వచ్చాను. స్పానర్లు అందించడం, రేడియేటర్లు కడగడం, డీజిల్‌తో యాక్సిల్ హౌసింగులు తుడవడం, ఇదీ మొదట్లో నా ఉద్యోగం. ఇప్పుడు సస్పెన్షన్, యాక్సిల్ పనులు నా చేతికిచ్చారు.

మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పాత బండ్లే. నిస్సాన్ ప్యాట్రోల్‌లో వై61 అనేది 1997లో వచ్చిన మోడల్. 2010లో వై62 వచ్చాక కూడా గల్ఫ్‌లో పాతదాన్ని సూపర్ సఫారీ పేరుతో ఏళ్ల తరబడి అమ్మారు. దాని 4.8 లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ అంటే ఇక్కడి కుర్రాళ్లకి ప్రాణం. టయోటాలో 80 సిరీస్ ల్యాండ్ క్రూజర్‌ది 1990 నాటి డిజైను. 1984లో మొదలైన 70 సిరీస్ ఇంకా తయారవుతూనే ఉంది. దాని పికప్పుని అరబ్బులు ‘షాస్’ అంటారు. వీటన్నిటికీ ముందూ వెనకా సాలిడ్ యాక్సిలే, అంటే రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇనుప దూలం. ఇసుకదిబ్బ మీంచి బండి ఎగిరి పడ్డా ఆ ఇనుప దూలం అంత తేలిగ్గా వంగదు. కొత్త బండ్లలో ఒక సెన్సర్ పోతే కంప్యూటర్ తగిలించి చూడాలి. వీటికి చెవి, ముక్కు, వేళ్లు చాలు. గేర్ ఆయిల్ మాడిన వాసన ఒకసారి ముక్కుకి పట్టిందంటే మళ్లీ మరిచిపోరు.

గ్యారేజీలోకి అడుగుపెట్టిన ప్రతివాడూ అడిగేవి రెండే: బండి ఎత్తు పెంచాలి, పవర్ పెంచాలి. ఎత్తు పెంచడం చూడ్డానికి పొడుగాటి స్ప్రింగులు వేసెయ్యడమే. అక్కడితో అయిపోతే మా బతుకులు హాయిగా ఉండేవి. ప్యాట్రోల్‌కీ, 80కీ ముందు యాక్సిల్‌ని రెండు ఆర్ములు పట్టుకుని ఉంటాయి. బాడీ పైకి లేస్తే ఆ ఆర్ముల కోణం మారి యాక్సిల్ కొంచెం తిరిగిపోతుంది, క్యాస్టర్ (ముందు చక్రం తిరిగే కీలు వెనక్కి వాలే కోణం) తగ్గుతుంది. హైవే మీద వేగం అందుకున్నాక స్టీరింగ్ వదిలితే తనంతట తాను నిటారుకి రాదు, బండి ఇటూ అటూ తేలుతుంది. ఆ కోణం సరిచేసే క్యాస్టర్ బుష్‌లు (ఆర్ముల చివర ఉండే రబ్బరు గొట్టాలు) వేయాలి. యాక్సిల్‌ని అడ్డంగా పట్టుకునే ప్యాన్‌హార్డ్ రాడ్డు పొడవు మారదు కాబట్టి యాక్సిల్ ఒక పక్కకి జరుగుతుంది. అప్పుడు సర్దుకునే రాడ్డు కావాలి. బ్రేకు హోసులు చాలవు, పొడుగువి వేయాలి. యాక్సిల్‌కి ఇంజిన్ బలం చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం పెరిగితే జాయింట్లు మూలుగుతాయి. రెండు అంగుళాలకి ఈ గొడవ సర్దుబాటవుతుంది. నాలుగు అంగుళాలైతే మొత్తం లెక్క మళ్లీ వేసుకోవాలి. అప్పటికే ప్యాన్‌హార్డ్ బుష్‌లు అరిగి ఉంటే, 80 కిలోమీటర్ల వేగం దగ్గర చిన్న గుంత తగిలినా స్టీరింగ్ చేతుల్లోంచి ఎగిరిపోయేంతగా ఊగుతుంది.

ఇదంతా కస్టమర్‌కి చెప్పేదెవరు? చాలాకాలం నాకు ఆ అవకాశమే లేదు. నేను వచ్చీరాని హిందీలో ఫోర్‌మన్‌కి చెబితే, ఆ మలయాళీ పెద్దాయన దాన్ని అరబ్బీలో ఓనర్‌కి చెప్పేవాడు. నా నాలుగు వాక్యాలూ అక్కడికి చేరేసరికి ‘ముష్కిలా’ (సమస్య) అన్న ఒక్క మాటగా మిగిలేవి. కస్టమర్ నవ్వి ‘మాఫీ ముష్కిలా’, సమస్యేం లేదు, అనేవాడు. అంతే, నాలుగు అంగుళాల స్ప్రింగులు ఎక్కేవి. మళ్లీ నెలకి అదే బండి వచ్చేది, స్టీరింగ్ ఊగుతోందని.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది నకిల్ పని, అంటే స్టీరింగ్ తిప్పితే ముందు చక్రంతో పాటు తిరిగే కీలు పని. పైసలు రానిదీ అదే. ముందు చక్రం వెనక పెద్ద ఇనుప గుండు ఉంటుంది. దానిలో జాయింటు తిరుగుతుంటుంది, చుట్టూ చిక్కటి నల్ల గ్రీజు. లోపలి ఆయిల్ సీల్ అరిగిందంటే డిఫరెన్షియల్‌లోని (యాక్సిల్‌లో ఉండే గేర్ల పెట్టెలోని) గేర్ ఆయిల్ వచ్చి ఆ గ్రీజుని పల్చటి జావ చేస్తుంది. బయటి సీల్ పాడైతే ఇసుక లోపలికి పోతుంది. ఇసుకా గ్రీజూ కలిశాయంటే అది బేరింగులని నూరే ముద్దే. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలించినప్పుడు టకటకమంటే జాయింటు పని అయిపోతున్నట్టు. అంతా విప్పి, కడిగి, కొత్త సీళ్లు వేసి, బేరింగుల బిగువుని స్ప్రింగు త్రాసుతో లాగి చూసి బిగించేసరికి రోజంతా పడుతుంది. అయ్యాక చూస్తే బండి నిన్నటిలాగే ఉంటుంది. అందుకే బిల్లు దగ్గర బేరం. అదే పైకి కనబడే లైటు బార్‌కి ఎవడూ గీచిగీచి బేరమాడడు.

ఇక వేడి. ఇసుకలో టైర్ల గాలి 15 పీఎస్ఐకి దించి, లో గేరులో, ఇంజిన్‌ని అరిపిస్తూ నెమ్మదిగా ఎక్కుతారు. బండి వేగం లేకపోతే ఎదురుగాలీ ఉండదు, చల్లబరిచే భారమంతా ఫ్యాన్ మీదే. దాన్ని ఇంజిన్‌కి కలిపే ఫ్యాన్ క్లచ్‌లో ఉండే సిలికాన్ ఆయిల్ ఏళ్ల తరబడి కారిపోతే ఎవరికీ తెలియదు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపేసి, చేత్తో ఫ్యాన్ తిప్పి చూస్తాను. అడ్డూ ఆపూ లేకుండా గిర్రున తిరిగితే అది మార్చాల్సిందే. ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య పేరుకున్న దుమ్ము ఇంకో రోగం. నీళ్లు ఇంజిన్ వైపు నుంచి బయటికి కొట్టాలి, అదీ మెల్లగా. కొత్త హెల్పర్లు ముందు నుంచి ప్రెషర్ వాషర్ పెట్టి ఫిన్నులన్నీ వంచేస్తారు.

టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టి పవర్ పెంచే యంత్రం, దాని సంగతి వేరే లోకం. కంపెనీ ఇచ్చిన 280 హార్స్‌పవర్ దగ్గర మొదలై వెయ్యి దాటించిన ప్యాట్రోళ్లు ఇక్కడున్నాయి. అబుదాబీ దక్షిణాన లివాలో మొరీబ్ అనే దిబ్బ ఉంది, దాదాపు 300 మీటర్ల ఎత్తు. చలికాలం ఉత్సవంలో ఆ బండ్లు దాన్ని క్షణాల్లో ఎక్కేస్తుంటే మైళ్ల దూరం గర్జన వినిపిస్తుంది. ఒకసారి సామాను మోసే మనిషిగా వెళ్లాను. రాత్రి చలికి ట్రక్కు కింద దుప్పటి కప్పుకుని పడుకున్నాం. చూసి తీరాల్సిందే, కాదనను. కానీ అవి పందెం కోసం కట్టిన బండ్లు. రోడ్డు మీద తిరిగే బండికి అనుమతి లేకుండా ఇంజిన్, ఛాసీ మార్చితే వెయ్యి దిర్హాముల జరిమానా, లైసెన్సు మీద 12 బ్లాక్ పాయింట్లు, 30 రోజుల జప్తు అని 2017 నిబంధనల్లో పెట్టారు. అందుకే మా ఫోర్‌మన్ కాగితం చూడందే పెద్ద పని ఒప్పుకోడు.

నా పరిస్థితి మారింది లైసెన్సు వచ్చాకే. ఇక్కడ ఆటోమేటిక్ మీద లైసెన్సు తీసుకుంటే మాన్యువల్ బండి నడపకూడదు. పాత ప్యాట్రోళ్లూ షాసులూ చాలావరకు మాన్యువలే. వేల దిర్హాములు పోసి, టెస్టుల్లో పోయి, మళ్లీ కట్టి మాన్యువలే తీసుకున్నాను. దాంతో కస్టమర్‌ని వెంటబెట్టుకుని టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లే హక్కు వచ్చింది. బండి తేలడం ఆయన చేతికే తెలిసేలా చేస్తే అరబ్బీ అక్కర్లేదు.

ఈమధ్య ఒక తెలుగాయన 80 సిరీస్ కొనుక్కుని వచ్చారు. దుబాయ్‌లో ఏదో ఆఫీసు ఉద్యోగం.

“అన్నా, నాలుగు అంగుళాలు లేపెయ్యండి. గాలి పైనుంచి పీల్చే స్నార్కెల్ గొట్టం కూడా పెట్టేద్దాం.”

“పెడదాం సార్. ముందు ఇది చూడండి” అని బానెట్ ఎత్తి, టార్చి వేసి, ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద దాక్కున్న హీటర్ హోసు చూపించాను. చేయి దూరడమే కష్టం, అందుకే దాన్ని ఎవరూ మార్చరు. రబ్బరు పగుళ్లు బారి ఉంది. అది పగిలితే కూలెంట్ అంతా పోయి, ఇంజిన్ రెండు భాగాల మధ్య సీలుగా ఉండే హెడ్ గ్యాస్కెట్‌కి ముప్పు.

“ఇదెంతవుతుంది?”

“గొట్టం ఖరీదు తక్కువే సార్. చేయి దూర్చినందుకే మా కూలి.”

ఆయన నవ్వారు. బుష్‌లు, సీళ్లు, ఫ్యాన్ క్లచ్ అన్నీ లెక్క రాసిచ్చాను. కాగితం రెండుసార్లు చూసుకుని, ఎత్తు రెండు అంగుళాలు చాలన్నారు. స్నార్కెల్ మాత్రం వదల్లేదు.