అయిదేళ్ల సంతకం

పొద్దున్నే అయిదింటికి మా మేనల్లుడిని శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో దించి గట్టు మీద కూర్చుంటాను. వాడికి అగ్నివీర్ పిచ్చి, అంటే సైన్యంలో నాలుగేళ్ల కొలువు. 1600 మీటర్లు అయిదున్నర నిమిషాల్లో లాగాలని టెన్షన్. పదిహేడేళ్లు సర్వీసు చేసి హవల్దారుగా దిగొచ్చిన నాకిప్పుడు వాచీ పట్టుకోవడమే డ్యూటీ.

నిన్న ఆయాసపడుతూ అడిగాడు: "నాలుగేళ్లయ్యాక ఉంచకపోతే ఏటి చెయ్యాలి మావయ్యా?"

నలుగురిలో ఒకడికి మించి ఉంచరు మరి. జవాబు తోచక జర్మన్ల సంగతి ఎత్తాను.

1945లో ఓడిపోయాక జర్మన్ సైనికులు లక్షల్లో ఫ్రాన్సుకి ఖైదీలయ్యారు. ఆఖరివాళ్లు ఇళ్లకి కదిలేసరికి 1948. ఇళ్లంటే ఎక్కడ? సైలీషియా, తూర్పు ప్రష్యా వాళ్లకి ఊళ్లే పోయాయి, ఆ నేల పోలండ్, రష్యాల పాలైంది. ఆ క్యాంపుల్లోకే ఫ్రెంచి ఫారిన్ లీజియన్, అంటే విదేశీయుల్ని చేర్చుకునే ఫ్రెంచి సైన్యం, మనుషుల్ని వెతుక్కుంటూ వచ్చింది. అయిదేళ్లకి సంతకం పెడితే తిండి, జీతం, కావాలంటే కొత్త పేరు. హిట్లర్ నాజీ దళం ఎస్ఎస్ వాళ్లని పట్టుకోడానికి ఎడమ చెయ్యి ఎత్తించి చూసేవారు, చంక దగ్గర బ్లడ్ గ్రూప్ పచ్చబొట్టు ఉంటుందని. కొందరు ఆ చోటు కాల్చుకుని వచ్చారు. వాళ్ల మీద నాకు జాలి లేదు. తుపాకీ తప్ప మరో పని నేర్చుకోని కుర్రాళ్ల సంగతే పీకుతుంది.

అల్జీరియాలోని సిదీ బెల్ అబ్బెస్‌లో ట్రైనింగు, తర్వాత ఓడెక్కి ఇండోచైనా, అంటే అప్పట్లో ఫ్రాన్సు ఏలుబడిలోని వియత్నాం వైపు. లీజియన్ నడక నిమిషానికి 88 అడుగులే. మన పరేడ్‌కి అలవాటైన కాలు అంత నెమ్మదించాలంటే ఎంత కష్టమో డ్రిల్ చేసినవాణ్ణే అడగండి! 1954లో వియత్నాంలోని ఫ్రెంచి స్థావరం దియెన్ బియెన్ ఫూలో యుద్ధం మొదలైన మార్చి 13 రాత్రే బియాత్రిస్ అనే గుట్ట పడిపోయింది. దాన్ని కాస్తున్నది లీజియన్ బెటాలియనే. మే 7కి ఫ్రెంచివాళ్లు ఓడిపోయి అంతా అయిపోయింది. సొంత నేల కోసం కొట్లాడే వియత్నాం రైతుతో ఆ జర్మన్ కుర్రాడికేం తగువు?

"మరి నువ్వు దిగొచ్చాక?" అన్నాడు మావాడు.

ఒక ఆఫీసులో ఇంటర్వ్యూకి వెళ్తే "తుపాకీ కాకుండా ఇంకేం వచ్చు?" అని నవ్వారు. పింఛను ఉంది కాబట్టి లేచి వచ్చేశాను. అదే చెప్పాను వాడికి.

వాడు లేసులు బిగించాడు. "ఇంకోసారి పరిగెడతాను, టైమ్ చూడు."

అయిదు నిమిషాల నలభై రెండు సెకన్లు.