లెన్సుకు నీళ్ళు తగలకూడదు

మా ఇంట్లో శుభ్రం అంటే నీళ్ళే. బయటి నుంచి రాగానే కాళ్ళు కడుక్కోవడం, బియ్యాన్ని రెండు మూడు నీళ్ళు కడగడం, చేయి జారి కిందపడిన ఏ వస్తువునైనా ముందు కుళాయి కింద పట్టడం చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి, కాలేజీ రోజుల్లో కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవడం మొదలుపెట్టాక కూడా నా చేతులకు ఆ అలవాటే ఉండేది. లెన్సు మీద నలక కనబడితే కుళాయి తిప్పేదాన్ని. లెన్సులు దాచే డబ్బాను రోజూ నీళ్ళతో తొలిచి, ఆ తడితోనే మూత పెట్టేదాన్ని. ఆరేళ్ళ పాటు ఏ ఇబ్బందీ రాకపోవడంతో నేను చేస్తున్నది సరైన పనేనని గట్టిగా నమ్మాను.

రాజమహేంద్రవరంలో బంధువుల పెళ్ళికి వెళ్ళినప్పుడు కుడికంటి లెన్సు వాష్‌బేసిన్‌లో పడింది. లెన్సులను శుభ్రం చేసి నానబెట్టే మందునీరు, అంటే సొల్యూషన్, ఉన్న సీసా సంచి అడుగున ఎక్కడో ఉంది, అవతల ముహూర్తం దగ్గరపడుతోంది. కుళాయి నీళ్ళతో కడిగి పెట్టేసుకున్నాను. ఆ రాత్రి హైదరాబాదు రైలెక్కి, లెన్సులు తీయకుండానే బెర్తు మీద నిద్రపోయాను. మూడో రోజుకు ఆ కన్ను ఎర్రబడి, ఇసుక పోసినట్టు గరగరలాడుతూ, కిటికీ వెలుతురును కూడా భరించలేని స్థితికి వచ్చింది. అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డు అంచుకు దగ్గరగా నూకగింజంత తెల్లని మచ్చ కనిపించింది.

కంటి వైద్యురాలు తిమ్మిరెక్కే చుక్కలు వేసి, ఆ మచ్చ పైభాగాన్ని సన్నగా గీకి ల్యాబుకు పంపించారు. లెన్సులను, డబ్బాను, సొల్యూషన్ సీసాను కూడా పారేయకుండా తెమ్మన్నారు. నా కంట్లో పెరిగిన బాక్టీరియానే డబ్బాలోనూ ఉందని నాలుగు రోజుల తరువాత తేలింది. మొదటి రెండు రాత్రులూ గంటకొకసారి అమ్మ అలారం పెట్టుకుని లేచి నా కంట్లో మందు వేసింది. పుండు మానింది కానీ అక్కడ చిన్న మచ్చ మిగిలిపోయింది. మా వైపు దీన్నే కంట్లో పువ్వు పడడం అంటారు. నాకు పడినది కనుపాపకు పక్కగా ఉంది కాబట్టి చూపు దక్కింది. అది నట్టనడుమ పడినవారికి కార్నియా మార్పిడి దాకా వెళ్ళవలసి రావచ్చు.

కార్నియా అనేది నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా ఉండే పారదర్శకమైన పొర. దాని మందం మధ్యలో సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. వెలుతురు అడ్డు లేకుండా లోపలికి పోవాలి కనుక అందులో రక్తనాళాలు ఉండవు. తనకు కావలసిన ప్రాణవాయువును అది చాలావరకు కన్నీటి పొర ద్వారా గాలి నుంచే తీసుకుంటుంది. లెన్సు పెట్టుకుంటే ఆ గాలి తగ్గుతుంది, దాని మీద రెప్ప కూడా మూసి నిద్రపోతే మరింత తగ్గుతుంది. అప్పుడు పైపొర బలహీనపడుతుంది, లెన్సును పట్టుకుని ఉన్న క్రిములకు గంటల తరబడి కదలని చోటు దొరుకుతుంది. లెన్సులతో నిద్రపోతే కార్నియా ఇన్ఫెక్షన్ ముప్పు ఆరు నుంచి ఎనిమిది రెట్లు పెరుగుతుందని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతోంది. మధ్యాహ్నం వేసే కునుకును, రాత్రి బస్సు ప్రయాణాన్ని కూడా నిద్ర కిందే లెక్కవేసుకోవాలి.

ఇక నీళ్ళ సంగతి. మనం వాడే మెత్తని లెన్సు నానిన సబ్జా గింజ వంటిది. నీటిని తనలోకి పీల్చుకునే గుణం వల్లనే అది మెత్తగా ఉంటుంది. కన్నీటిలో ఉన్నంత ఉప్పు కుళాయి నీటిలో ఉండదు కాబట్టి, ఆ నీరు తగిలిన లెన్సు ఉబ్బి, ఆకారం మారి, కంటికి అతుక్కుంటుంది. నీటిలోని క్రిములను కూడా తనతో పట్టుకుని ఉంటుంది. వాటిలో అకాంతమీబా అనే ఏకకణజీవి ఉంది. మట్టిలో, చెరువులో, ఈతకొలనులో, మన ఇంటి సంపులో, మేడ మీది ట్యాంకులో కూడా అది బతకగలదు. పరిస్థితులు అనుకూలించనప్పుడు రెండు గోడల గుల్ల కట్టుకుని క్లోరిన్‌ను కూడా తట్టుకుంటుంది. కార్నియాలోకి చేరితే పైకి కనిపించే పుండుకు పొంతన లేనంత నొప్పి పుడుతుంది, చికిత్స నెలల తరబడి సాగుతుంది. మన దేశంలో ఈ జబ్బు లెన్సులు వాడనివారిలో, కంట్లో పొలం మట్టో మురికినీరో పడినవారిలో ఎక్కువగా కనబడుతోంది. అంటే ఆ జీవి మన చుట్టూ ఉన్న మట్టిలో, నీటిలో ఎప్పుడూ ఉన్నదే. మరగబెట్టిన నీళ్ళు, ఫిల్టరు నీళ్ళు, సీసా నీళ్ళు, రోజ్‌వాటర్ ఏవీ సొల్యూషన్‌కు బదులు కావు. తలస్నానానికి ముందు లెన్సులు తీసేయవలసిందే.

నీళ్ళ విషయంలో మన పెంపకం లెన్సుకు సరిపోకపోయినా, మన భాషలో ఇంకో మాట మాత్రం చక్కగా సరిపోతుంది. అది పాచి. రాత్రి నిలవ ఉన్న నీటినీ పాచి అంటాం, తొట్టి గోడకు పట్టే జిగటనూ పాచి అంటాం. డబ్బాలో నిన్నటి సొల్యూషన్‌ను పారబోయకుండా దాని మీదే కొత్తది నాలుగు చుక్కలు పోయడం మొదటి రకం పాచి. క్రిములను చంపే శక్తి నిన్న రాత్రే ఖర్చయిపోయిన ద్రవం అది. కొత్తదాన్ని కూడా పలచన చేస్తుంది. క్రిములు డబ్బా లోపలి గోడకు అతుక్కుని, తమ చుట్టూ తాము అల్లుకునే జిగురు పొర రెండో రకం పాచి. ఒకసారి అది పట్టిందంటే ఎంత మంచి సొల్యూషన్ అయినా లోపలికి సులువుగా చేరలేదు. అందుకే డబ్బాను రోజూ కొత్త సొల్యూషన్‌తోనే తొలిచి, శుభ్రమైన టిష్యూతో తుడిచి, మూతలు తీసి బోర్లించి ఆరబెట్టాలి, మూడు నెలలకొకసారి మార్చాలి. 2006లో ఫ్యుజేరియం అనే బూజు వల్ల పలు దేశాల్లో లెన్సులు వాడేవారి కళ్ళు దెబ్బతిని, ఒక సొల్యూషన్‌ను ప్రపంచమంతటా మార్కెట్ నుంచి ఉపసంహరించినప్పుడు కూడా, పాత సొల్యూషన్‌నే మళ్ళీ వాడే అలవాటు ముప్పును పెంచిందని పరిశోధకులు గుర్తించారు.

అలవాట్లు తప్పినది నాకొక్కదానికే కాదు. అమెరికాలో 2015లో వెలువడిన ఒక సర్వే ప్రకారం, లెన్సులు వాడే పెద్దవారిలో సుమారు 99 శాతం మంది కంటికి ముప్పు తెచ్చే పని కనీసం ఒక్కటైనా చేస్తున్నారు. పాత సొల్యూషన్‌లో కొత్తది కలిపేవారే సగానికి పైగా ఉన్నారు. మూడింట ఒక వంతు మంది ఎప్పుడో ఒకప్పుడు ఎర్రబడిన కంటితోనో, కంటి నొప్పితోనో వైద్యుని దగ్గరకు వెళ్ళినవారే.

ఎంగిలి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎండిన లెన్సును నాలుక మీద తడుపుకోవడం, ఫోటోల కోసం స్నేహితురాలి రంగు లెన్సులు పెట్టుకుని చూడడం రెండూ ఎంగిలే.

అన్నిటికన్నా నన్ను భయపెట్టే అలవాటు వేరే ఉంది. కన్ను ఎర్రబడగానే మెడికల్ షాపుకు వెళ్ళి ఏదో ఒక చుక్కల మందు అడగడం. వాటిలో స్టిరాయిడ్ ఉన్నవి వేస్తే ఎరుపు, నొప్పి తగ్గి ఊరట కలుగుతుంది, కానీ కంట్లో పట్టినది బూజైతే ఆ మాటున అది లోపల లోతుకు పోతుంది. లెన్సు వాడేవారికి కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, చూపు మసకబారితే లెన్సు తీసేసి, డబ్బాతో సహా ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇప్పుడు నా రోజు ఇలా సాగుతుంది. చేతులను సబ్బుతో కడుక్కుని, నూలు అంటని తువ్వాలుతో పూర్తిగా తుడుచుకున్నాకే లెన్సును ముట్టుకుంటాను. నీళ్ళ పని అంతటితో ముగుస్తుంది. లెన్సులు పెట్టుకున్నాకే కాటుక, పచ్చిమిరపకాయలు తరగడం. ఆ కారం ఎంత కడిగినా వేళ్ళను వదలదు. రాత్రి లెన్సును అరచేతిలో పెట్టి, సొల్యూషన్ పోసి, వేలి కొసతో రుద్ది, మళ్ళీ కడిగి డబ్బాలో వేస్తాను. సీసా తెరిచిన తేదీని దాని మీదే రాసుకుంటాను.

కిందటి నెలలో మా అక్క కూతురు మొదటిసారి లెన్సులు తీసుకుని ఫోన్ చేసింది. 2027లో గోదావరి పుష్కరాలకు అందరం వెళతాం కదా, లెన్సులతో మునగవచ్చా పిన్నీ అని అడిగింది. వద్దమ్మా, గట్టు మీదే తీసేసి కళ్ళద్దాలు పెట్టుకో, మునిగే ముందు అవి నా చేతికివ్వు, నేను పట్టుకుని నిలబడతాను అన్నాను.