హోటల్ బిల్లులో జాజ్ పండుగ

అమెరికాలో సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే సెలవు. ఆ సెలవుతో కలిసి వచ్చే వారాంతంలో షికాగో నగరం నడిబొడ్డున, మిలేనియం పార్కులో, జాజ్ ఫెస్టివల్ జరుగుతుంది. దానికి టికెట్ లేదు. ప్రిట్జ్‌కర్ పెవిలియన్ అనే బహిరంగ వేదిక ఎదుట ఉన్న 4,000 కుర్చీల్లో చోటు దొరికినవారు కూర్చుంటారు, దొరకనివారు వెనక పచ్చికలో దుప్పట్లు పరుచుకుంటారు. ఆ పచ్చికలో ఇంకో 7,000 మంది పడతారు. వేదిక ఎక్కేవారు మాత్రం ఉచితంగా వాయించరు. కళాకారుల పారితోషికం మొదలుకొని సౌండ్ సిస్టమ్, భద్రతా సిబ్బంది, చెత్త ఎత్తేవారి ఓవర్‌టైమ్ దాకా ప్రతిదానికీ ఎవరో ఒకరు చెల్లించవలసిందే. ఆ చెల్లించేది ఎవరన్న సంగతి నాకు సంగీతాభిమానం వల్ల తెలియలేదు, ఉద్యోగం వల్ల తెలిసింది. ఆ పార్కుకు నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న ఒక హోటల్‌లో నేను అకౌంట్స్ చూస్తాను.

భర్త ఉద్యోగం వెంట డిపెండెంట్ వీసా మీద ఈ దేశానికి వచ్చి ఇంట్లోనే ఉండిపోయిన నాలాంటి వారిలో కొందరికి 2015లో పని అనుమతి దొరకడం మొదలైంది. కామర్స్ చదివి, కోడింగ్ మీద ఏనాడూ మనసు పెట్టని నాకు మొదట దొరికింది నైట్ ఆడిట్ పని. ఆ రోజు ఖాతా మూసి, ప్రతి గది అద్దెనూ దాని మీద పడే పన్నులనూ అతిథి లెక్కలో ఎక్కించి, కంప్యూటర్‌లో తేదీని మరుసటి రోజుకు మార్చడం ఆ పని సారాంశం. తర్వాత పగటి వేళకు మారి, నెలనెలా పన్ను రిటర్నులు తయారు చేసే బాధ్యతలోకి వచ్చాను. మా పరిచయస్తుల్లో చాలామందికి ఉద్యోగమంటే ఐటీ ఉద్యోగమే కనుక, హోటల్‌లో పని అనగానే వారి ముఖంలో తొంగిచూసే జాలిని పట్టించుకోవడం ఎప్పుడో మానేశాను. నేపర్‌విల్ నుంచి మెట్రా రైల్లో యూనియన్ స్టేషన్ దాకా వచ్చి, అక్కడి నుంచి నది మీది వంతెన దాటి నడిచి వెళ్లే నాకు ఈ నగరం ఎలా నడుస్తుందో తెలిసినంతగా, శివారులో ఇల్లు కొనుక్కుని అక్కడే పని చేసుకునే మావారికి తెలియదని మాత్రం చెప్పగలను.

షికాగోలో హోటల్ గది మీద పడే పన్నులన్నీ కలిపితే చాలా ఏళ్లపాటు 17.4 శాతంగా ఉన్నాయి. అంటే రాత్రికి 200 డాలర్ల గది తీసుకున్నవారు పన్ను కింద ఇంకో 35 డాలర్ల దాకా ఇచ్చుకునేవారు. అందులో ఇల్లినాయ్ రాష్ట్రానికి ఒక వాటా, కుక్ కౌంటీకి 1 శాతం, మెకార్మిక్ ప్లేస్ సమావేశ కేంద్రాన్ని నడిపే సంస్థకు ఒక వాటా, క్రీడా మైదానాల కోసం చేసిన అప్పులు తీర్చే సంస్థకు మరో వాటా పోతాయి. నగరం స్వయంగా వేసే పన్ను 4.5 శాతం. వీటన్నిటి పక్కన, నగరం తరఫున రాష్ట్రం వసూలు చేసి తిరిగి నగరానికి పంపే సుమారు 1 శాతం ఒకటి ఉంది. 200 డాలర్ల గదికి అది రెండు డాలర్లకు కాస్త తక్కువ. బిల్లు చూసి కౌంటర్ దగ్గర గొణుక్కునే అతిథుల్లో ఆ రెండు డాలర్ల జోలికి వెళ్లిన వారిని నేను చూడలేదు. కానీ పండుగ ఖర్చులో ముఖ్యమైన ఊట అదే. నగర బడ్జెట్‌లో అది సాధారణ నిధిలో కలవకుండా, ప్రత్యేక కార్యక్రమాల పేరునూ హోటల్ పన్ను పేరునూ కలిపి పెట్టుకున్న ఒక విడి నిధిలో జమ అవుతుంది. సాంస్కృతిక వ్యవహారాలు, ప్రత్యేక కార్యక్రమాల శాఖకు బలం ఆ నిధి. జాజ్ ఫెస్టివల్‌నూ, 1984 నుంచి జరుగుతున్న బ్లూస్ ఫెస్టివల్‌నూ నిర్వహించేది ఆ శాఖే. కార్పొరేట్ స్పాన్సర్లు ఉంటారు, వారి బ్యానర్లు కూడా ఉంటాయి. అయినా పండుగ యజమాని నగరమే.

నగరం ఈ పనిలోకి తనంతట తాను దిగలేదు. 1974లో జాజ్ దిగ్గజం డ్యూక్ ఎలింగ్టన్ మరణించినప్పుడు స్థానిక సంగీతకారులు గ్రాంట్ పార్కులో ఆయన స్మృత్యర్థం ఒక కచేరీ చేశారు. దాన్ని ఏటా కొనసాగించారు. తర్వాత శాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్‌ట్రేన్ పేర మరో కచేరీ వచ్చింది, 1969లో ఏర్పడిన జాజ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ షికాగో కూడా తన ఉత్సవానికి సన్నాహాలు చేసుకుంది. ఇన్ని ప్రయత్నాలు ఒకే పార్కులో, ఒకే కాలంలో పోటీ పడే పరిస్థితి రావడంతో నగర యంత్రాంగం వాటిని కలిపి 1979లో షికాగో జాజ్ ఫెస్టివల్‌గా మొదలుపెట్టింది. 2013లో అది గ్రాంట్ పార్కులోని పాత వేదికను వదిలి మిలేనియం పార్కుకు వచ్చింది. ఎవరు వాయించాలన్నది ఎంపిక చేసేది జాజ్ ఇన్‌స్టిట్యూట్, డబ్బు పెట్టేది నగరం. ఈ విభజన నాకు చాలా నచ్చిన విషయం. డబ్బు ఇచ్చేవారే పాటగాళ్లను కూడా ఎంపిక చేసే సభలు ఎలా ఉంటాయో ప్రవాస సంఘాల వేడుకలకు వెళ్లే తెలుగువారికి నేను వివరించనక్కరలేదు.

ఇక అసలు వివాదానికి వస్తాను. ఈ పండుగకు హోటల్ పన్ను ఎందుకు వాడాలి అని అడిగితే అధికారులూ హోటళ్ల సంఘాలూ కూడా ఒకే సమాధానం చెబుతారు: పండుగ పర్యాటకులను తెస్తుంది, పర్యాటకులు గదులు తీసుకుంటారు, గదుల మీద పన్ను వస్తుంది, ఆ పన్ను మళ్లీ పండుగను నడుపుతుంది. వినడానికి చక్కగా ఉంటుంది. హోటల్ లెక్కలు చూసే మనిషిగా నాకు మాత్రం ఇది నమ్మబుద్ధి కాదు. లేబర్ డే వారాంతంలో మా గదులు నిండుతాయి, నిజమే. కానీ అది వేసవి చివరి సెలవు కనుక ఎలాగూ నిండుతాయి. ఆగస్టులో గ్రాంట్ పార్కులో జరిగే లోలాపలూజా సమయంలో గది ధరలు ఎక్కడికి పోతాయో చూస్తే, నిజంగా హోటళ్లు నింపే సంగీతం ఏదో తెలుస్తుంది. అది ప్రైవేటు సంస్థ టికెట్లు అమ్మి నడిపే పండుగ, పార్కును వాడుకున్నందుకు ఆ సంస్థే నగర పార్కులను చూసుకునే పార్క్ డిస్ట్రిక్ట్‌కు డబ్బు కడుతుంది. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ తర్వాత మెకార్మిక్ ప్లేస్‌లో జరిగే రేడియాలజీ వైద్యుల వార్షిక సమావేశం, చలి మొదలైన ఆ రోజుల్లో మాకు చేసే ఉపకారం అంతా ఇంతా కాదు. జాజ్ ఫెస్టివల్‌కు వచ్చేవారిలో నాకు ఎక్కువగా కనిపించేది ఊరివాళ్లే. మడత కుర్చీలూ ఇంటి నుంచి తెచ్చుకున్న తిండి డబ్బాలూ పట్టుకుని, బస్సులోనో రైల్లోనో వచ్చి, రాత్రికి తమ ఇళ్లకు వెళ్లిపోయేవారు. వారు గది తీసుకోరు.

ఈ ఏర్పాటును సమర్థించవలసింది అందుకేనని నా అభిప్రాయం. వచ్చిపోయే వైద్యుడూ, కంపెనీ ఖర్చుతో దిగిన సేల్స్ మేనేజరూ తెలియకుండా వదిలిన రెండు డాలర్లతో, గది అద్దె ఎన్నటికీ కట్టని ఊరివారు మూడు నాలుగు రోజులు గొప్ప సంగీతం వింటున్నారు. దక్షిణాది రాష్ట్రాల నుంచి పని వెతుక్కుంటూ రైలెక్కి వచ్చిన నల్లజాతి కుటుంబాలు లేకపోతే ఈ ఊళ్లో జాజ్ ఉండేది కాదు. ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా 1922లో కింగ్ ఆలివర్ బృందంలో ఉద్యోగం దొరికి న్యూ ఆర్లీన్స్ నుంచి రైల్లోనే దిగాడు. మా హోటల్ సామాను విభాగంలో పని చేసే పెద్దాయన తాతది అదే దక్షిణాదిలోని మిసిసిపీ. ఆయన ఆ వారాంతంలో ఆదివారం సెలవు కోసం నెలల ముందే అర్జీ పెట్టుకుంటారు, టికెట్ పెడితే కుటుంబమంతటినీ తీసుకు వెళ్లడం తనవల్ల కాదని కూడా ఆయనే అన్నారు. పర్యాటకుల లెక్క చెప్పి ఈ పండుగను కాపాడాలని చూస్తే, ఏదో ఒక ఏడు ఎవరో ఒక సలహాదారు వచ్చి నిజంగా లెక్క వేస్తాడు. అప్పుడు పండుగ ఓడిపోతుంది.

హోటల్ రాబడి మీద బతకడం ఎంత అస్థిరమో హోటల్‌లో పని చేసేవారికి వేరే చెప్పనక్కరలేదు. షికాగోలో శీతకాలం గదులు ఖాళీ పడినప్పుడు పనివారిని ఇంటికి పంపడం మామూలు. అలా పంపినప్పుడు ఆరోగ్య బీమా కూడా పోతోందని, ఏడాది పొడవునా బీమా ఉండాలని కోరుతూ 2018 సెప్టెంబరులో, లేబర్ డే గడిచిన ఆ వారంలోనే, నగరంలోని 26 హోటళ్లలో గదులు శుభ్రం చేసేవారూ వంటవారూ డోర్‌మెన్లూ సమ్మెకు దిగారు. వీధుల్లో డప్పుల్లా బకెట్లు మోగించారు. పండుగ నిధికి ఆధారమైన గదులను రోజూ తయారు చేసేది ఆ చేతులే.

2020 వసంతంలో అంతా ఒక్కసారిగా ఆగిపోయింది. మా సిబ్బందిలో అత్యధికులను ఫర్లో మీద, అంటే జీతం లేని తాత్కాలిక సెలవు మీద, పంపించారు. రాబడి లేకపోయినా రిటర్ను దాఖలు చేయక తప్పదు కనుక నన్ను ఉంచారు. ఎప్పుడూ పెద్ద అంకెలుండే గడుల్లో దాదాపు ఏమీ లేని కాగితాలు నెలనెలా పంపించాను. ఆ ఏడాది మిలేనియం పార్కు వేసవి ఉత్సవాలు రద్దయ్యాయి, జాజ్ ఫెస్టివల్ వాటిలో ఒకటి. కారణం వైరసే, కానీ వైరస్ లేకపోయినా, హోటళ్లు ఆ స్థితిలో ఉంటే నిధి ఎండిపోయేదే. కళాకారులకు పని అత్యవసరమైన సంవత్సరాల్లోనే ఈ బావి అడుగంటుతుంది. తర్వాతి ఏడాది ఫెడరల్ ప్రభుత్వం మహమ్మారి సాయంగా షికాగోకు దాదాపు 190 కోట్ల డాలర్లు కేటాయించడం వల్ల నగరం ఊపిరి పీల్చుకుంది. అలాంటి సాయం ప్రతి మాంద్యంలోనూ వస్తుందని అనుకోవడానికి లేదు.

నగర బడ్జెట్ మీద ప్రతి శరదృతువులోనూ బహిరంగ విచారణ జరుగుతుంది. నాకు ఓటు లేదు. పన్ను కట్టడానికి, ఆ విచారణలో పేరు రాయించుకుని కొద్ది నిమిషాలు మాట్లాడటానికి మాత్రం పౌరసత్వం అడగరు. వెళ్లి విన్నాను. అక్కడ సంగీతం గురించి మాట్లాడినవారి కంటే ఆసుపత్రుల గురించి, ఇళ్ల గురించి మాట్లాడినవారే ఎక్కువ, అది సహజం కూడా. 2012లో నగరం తన 12 మానసిక ఆరోగ్య క్లినిక్‌లలో సగం మూసివేసింది. ఆ గాయం ఈ ఊరు మరచిపోలేదు. క్లినిక్‌కు లేని డబ్బు కచేరీకి ఎక్కడిదని అడిగేవారిని తప్పుపట్టలేం. నాకు తోచిన జవాబు ఇది: నగరం వేసే 4.5 శాతం హోటల్ పన్ను ప్రధానంగా సాధారణ నిధికే పోతుంది, క్లినిక్‌లకైనా పోలీసులకైనా అందులోంచే ఇస్తారు. విడిగా ఉంచిన ఆ 1 శాతాన్ని కూడా కలిపేస్తే 2025లో 1,700 కోట్ల డాలర్లు దాటిన బడ్జెట్‌లో అది కనిపించకుండా పోతుంది, పార్కులో వేదిక ఖాళీ అయితే మాత్రం అందరికీ కనిపిస్తుంది. 2024 నవంబరులో 30 కోట్ల డాలర్ల ఆస్తి పన్ను పెంపును నగర మండలి సభ్యులైన 50 మంది ఆల్డర్‌మన్లూ ఏకగ్రీవంగా తిరస్కరించిన ఊరు ఇది. డిసెంబరులో బడ్జెట్ 27-23 ఓట్లతో గట్టెక్కింది. ఇంత బిగువైన చోట, ఊరివారి ఆస్తి పన్నును తాకని ఒక చిన్న నిధి ఉండటం అదృష్టమే.

మరో దారి డెట్రాయిట్‌లో ఉంది. అక్కడి జాజ్ ఫెస్టివల్ కూడా ఇదే వారాంతంలో, 1980 నుంచి, ఉచితంగానే జరుగుతోంది. 2006లో గ్రెచెన్ వలేడ్ అనే సంపన్నురాలు కోటి డాలర్లు ఇచ్చి దానికి ఒక శాశ్వత నిధిని ఏర్పాటు చేశారు. అందువల్ల 2013 జులైలో నగరం దివాలా తీసినా, ఆ సెప్టెంబరులో పండుగ ఆగలేదు. డెట్రాయిట్ శివార్లయిన ట్రాయ్, నోవై ప్రాంతాల్లో ఉండే మా బంధువులు దీన్ని గర్వంగా చెబుతారు, చెప్పుకోవచ్చు కూడా. కానీ ఒక దాత మనసు మీద ఆధారపడిన పద్ధతిని ఇంకో ఊరు అనుసరించడం కుదరదు. అలాంటి మనిషి పుట్టే దాకా ఎదురు చూడాలి. నిధిని పోగు చేసి ఉంచే అలవాటును మాత్రం అరువు తెచ్చుకోవచ్చు.

విచారణలో నా వంతు వచ్చినప్పుడు అడిగింది ఆ ఒక్కటే. సమావేశాలు వరుసగా వచ్చి హోటళ్లు కిటకిటలాడిన ఏడాదిలో ఆ 1 శాతం అంచనాకు మించి వస్తే, మించిన మొత్తాన్ని అదే ఏడాది కొత్త కార్యక్రమాలకు ఖర్చు చేయకుండా, గదులు ఖాళీ పడిన ఏడాది కళాకారుల పారితోషికానికి మాత్రమే తీయడానికి వీలుగా పక్కన పెట్టమన్నాను. మేము హోటల్‌లో మరమ్మతుల కోసం రాబడిలో కొంత శాతం ప్రతి నెలా విడిగా దాచుతాం, అది ఈ వ్యాపారంలో అందరూ పాటించే పద్ధతే అని కూడా చెప్పాను. అధ్యక్ష స్థానంలో ఉన్న ఆల్డర్‌మన్ రాసుకున్నారు, తర్వాతి పేరు పిలిచారు. వచ్చే అక్టోబరులో మళ్లీ పేరు రాయించుకుంటాను, ఈసారి గత కొన్నేళ్ల పన్ను రాబడి నగరం ప్రచురించిన బడ్జెట్ పుస్తకాల్లోంచే తీసి, ఒక పట్టికగా వేసి తీసుకువెళ్తాను.